దారివ్వు

"ఆవుకు కట్టేముందు నాకు పెట్టు డాక్టరమ్మా. ఎట్లుంటదో నాకు తెల్వాలె గదా," అని మణెమ్మ తన ముంజేయి చాపింది.

పశువైద్య పరిశోధకురాలు ఉదయశ్రీ నవ్వి, మెడపట్టీని ముందు తన అరచేతికే ఆనించుకుంది. రబ్బరు పట్టీకి బిగించిన చిన్న నల్లటి డబ్బా అది. లోపలివైపు రెండు ఇనుప మొనలున్నాయి. ఫోనులో గుట్ట పటం తెరిచి, తమకూ ఎదురుగా ఉన్న బండరాయికీ మధ్య వేలితో ఒక గీత గీసింది. బండవైపు నడవడం మొదలుపెట్టగానే డబ్బా సన్నగా కూసింది. అడుగు పడేకొద్దీ కూత హెచ్చింది. ఇంకొక్క అడుగు వేసేసరికి ఆమె చేయి అదిరిపడింది.

తర్వాత మణెమ్మ వంతు. "అబ్బో!" అని చేయి దులుపుకుని, పక్కనే నిలబడ్డ భర్త నర్సిములుతో, "నీ ముల్లుకర్ర కన్న నయమే," అందామె.

తేనెగుట్ట మీద గడ్డిబీళ్ళు సర్కారు భూమి. వికారాబాద్ దాటాక వచ్చే ఆ గుట్ట మీద, కింది పల్లెలోని ఆవులు తరతరాలుగా మేసేవి. హైదరాబాదు జనం ఆదివారాలు నడకకూ, సైకిళ్ళు తొక్కడానికీ రావడం మొదలయ్యాక కథ మారింది. ఒకావిడను ఆవు కుమ్మిందని పశువులను గుట్ట ఎక్కనివ్వడం మానేశారు. కంచె వేసి విడదీద్దామంటే కుదరదు. అది అందరూ తిరిగే నేల. దారులకు అడ్డంగా తీగ కట్టడానికి వీల్లేదు.

అందుకే ఉదయశ్రీ కంటికి కనిపించని కంచె తయారుచేసింది. ఫోనులో గీసిన గీతే కంచె. ఆవు దగ్గరికొస్తే కూత, దాటితే చిన్న దెబ్బ. నాలుగైదు రోజుల్లోనే ఆవులు కూత వినగానే వెనక్కి తిరగడం నేర్చుకున్నాయి. మనుషులకు ఆ గీతతో పనిలేదు. వాళ్ళ దారిన వాళ్ళు నడిచిపోవచ్చు.

పట్టీలో ఆమె ఒక నియమం పెట్టింది. వరసగా మూడు దెబ్బలు తిన్నాక కూడా ఆవు ముందుకే పోతుంటే పట్టీ నోరు మూసుకోవాలి. "అంత నొప్పిని కాదని పోతోందంటే దానికి ఏదో ఆపద వచ్చిందన్నమాట. అప్పుడు మనం అడ్డు తప్పుకోవాలి," అని ప్రయోగశాలలోనూ ఊళ్ళోనూ అందరికీ చెప్పేది.

పట్టీలను తయారుచేసి అమ్మే కంపెనీ ఆమె భర్త విద్యాధర్‌ది. ప్రయోగశాల కూడా ఆ కంపెనీదే. మొదటి ఏడాది ఇద్దరూ ఎక్కడికి వెళ్ళినా తేనెగుట్ట గురించే చెప్పారు. చెప్పుకోదగ్గదే మరి. ఆవులు గడ్డి మేయడంతో ఏటా ఎండాకాలంలో గుట్టకు అంటుకునే మంటలు ఆ ఏడు రాలేదు. మణెమ్మ మేత లేక అమ్మేసిన రెండు ఆవుల బదులు మళ్ళీ రెండు కొనుక్కుంది. నుదుటిమీద గవ్వంత తెల్లమచ్చ ఉన్న తన పెద్దావు గవ్వ, గుట్ట దిగి వస్తుంటే, "పుట్టింటికి పోయొచ్చినట్టు ఒస్తది సూడు," అని మురిసిపోయేది.

ఒకరోజు భోజనం దగ్గర విద్యాధర్, "పర్యాటక శాఖ వాళ్ళు ఒక మార్పు అడుగుతున్నారు," అన్నాడు.

"ఏమిటి?"

"దారి మీద ఆవు నిలబడితే జనం భయపడుతున్నారట. గుట్టకు వచ్చేవాళ్ళ ఫోన్లో ఒక బటన్ ఇద్దాం. 'దారివ్వు' అని. అది నొక్కితే ఆ మనిషి చుట్టూ ఇరవై అడుగుల గీత ఏర్పడుతుంది. ఆవు తనంతట తనే పక్కకు జరుగుతుంది."

ఉదయశ్రీ ముద్ద కలపడం ఆపింది. "అంటే ప్రతి ఫోనూ ఒక కంచె అవుతుంది."

"ఒక్క నిమిషమే. భయపడ్డవాళ్ళ కోసమే. పిల్లలతో వస్తారు, ముసలివాళ్ళు వస్తారు. మళ్ళీ ఎవరికైనా కొమ్ము తగిలితే మొత్తానికే ఆవుల్ని ఆపేస్తారు ఉదయా."

ఆ మాట నిజమే. ఆవులు గుట్ట మీద ఉండాలంటే తప్పదేమో అనుకుని ఆమె సరేనంది.

బటన్ వచ్చిన కొద్ది వారాలకే ప్రయోగశాల గోడమీది తెర వేరుగా కనబడసాగింది. అక్కడ ఒక్కో ఆవు నడిచిన దారి ఒక్కో రంగు గీతలా పడుతుంది. ఇదివరకు ఆ గీతలు నేలమీద జారవిడిచిన నూలులా మెలికలు తిరిగి ఉండేవి. ఆవు మేస్తూ, ఆగుతూ, నీడకు చేరి, నీళ్ళకు దిగి, తిరిగి మేస్తూ నడిచిన దారులవి. ఇప్పుడు అవి గోళ్ళతో గీరినట్టున్నాయి. పది అడుగులు ఇటు, పదిహేను అడుగులు అటు, మళ్ళీ వెనక్కి. ఆదివారాలైతే తెరంతా గీట్లే.

ఆమె నర్సిములుకు ఫోన్ చేసింది.

"పాలు తగ్గినయి మేడం," అన్నాడతను. "మేస్తలేవు. తలకాయ దించినయంటే ఎవడో ఒకడు నొక్కుతడు. ఇగ మేసుడెందుకని నిలవడి సూస్తున్నయి. నీళ్ళ కుంట కాడ ఫొటోలు దిగెటోల్లుంటరు. పొద్దంత నీళ్ళు లేకుంటనే ఇంటికొస్తున్నయి."

ఆ వారమే ఎవరో ఒక వీడియో పంపారు. ఆరుగురు కుర్రాళ్ళు వలయంగా నిలబడి, వంతులవారీగా బటన్ నొక్కుతున్నారు. మధ్యలో ఎదిగిన కోడెదూడ ఒకటి ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి వైపు పరుగెడుతోంది. ఎటు తిరిగినా కూతే. చివరికి అది ముందుకాళ్ళు మడిచి కూలబడితే అందరూ చప్పట్లు కొట్టారు. కింద 'ఆవుతో క్యారమ్స్' అని రాసి ఉంది. వేలమంది మెచ్చుకున్నారు.

ఉదయశ్రీ ఆ ఫోను తీసుకెళ్ళి విద్యాధర్ బల్ల మీద పెట్టింది. "ఇది భయపడ్డవాళ్ళు చేసే పనా?"

అతను వీడియో మొత్తం చూశాడు. ముఖం చిట్లించాడు కూడా. "వెధవలు. వీళ్ళను బ్లాక్ చేయిస్తాను. కానీ ఉదయా, బటన్ వాడకం ఎంత పెరిగిందో చూశావా? ఇంకో మూడు చోట్ల నుంచి మనల్ని పిలుస్తున్నారు."

"నేను ఆవులు మేయడం గురించి మాట్లాడుతున్నాను."

"మేస్తాయి. అలవాటు పడతాయి."

"దేనికి అలవాటు పడాలి? తలవంచగానే ఎవడో అదిలిస్తాడని ఎదురుచూస్తూ నిలబడడానికా?"

అతను లోపల సమావేశానికి పిలుపొచ్చిందని లేచాడు.

తరువాతి సెలవురోజున ఆమె ఒక్కతే గుట్టకు వెళ్ళింది. పైకి చేరేసరికి ఎండ ముదిరింది. దారి పొడుగునా జనం. దుప్పట్లు పరుచుకుని తింటున్నవాళ్ళు, పాటలు పెట్టుకున్నవాళ్ళు, సైకిళ్ళు ఆనించి కబుర్లాడుతున్నవాళ్ళు. గడ్డిలో ఒక పక్కగా మణెమ్మ కొడవలి పట్టుకుని పచ్చగడ్డి కోస్తోంది.

"ఇంటికాడ ఏస్త బిడ్డా. ఈడ తిననిస్తలేరు గదా," అంది. "గవ్వ ఈనింది. ఆడ, బండ నీడకు పండవెట్టిన దాని దుడ్డెను. తల్లి కుంటకు పోయింది, ఒస్తది."

చిన్న దూడలకు పట్టీ కట్టకూడదన్నది కూడా ఉదయశ్రీ పెట్టిన నియమమే. బండ నీడలో పడుకున్న దూడ ఇంకా సరిగా నిలబడడం కూడా రానిది. కుంటకూ ఆ బండకూ మధ్య పెద్ద గుంపొకటి భోజనాలకు కూర్చుని ఉంది.

దూడ లేచింది. తల్లి కనబడక అరిచింది.

కుంట గట్టు మీద గవ్వ తలెత్తింది. దూడ అరుపు వచ్చినవైపు తిన్నగా నడక మొదలుపెట్టింది. గుంపులో ఒకమ్మాయి, "అయ్యో, ఇటే వస్తోంది!" అంది. ఎవరో బటన్ నొక్కారు. గవ్వ ఆగింది. చెవులు వెనక్కి వాల్చింది. దూడ మళ్ళీ అరిచింది. ఆవు అడుగు ముందుకేసింది. మెడ ఒక్కసారి ఎగిరిపడింది.

ఉదయశ్రీ దెబ్బలు లెక్కపెడుతోంది. రెండోసారి. మూడోసారి. ఇక పట్టీ ఆగిపోతుంది, గవ్వ వెళ్ళిపోతుంది అనుకుంది.

నాలుగోసారి కూడా ఆవు మెడ ఎగిరిపడింది.

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఐదోసారి గవ్వ నాలుక బయటపెట్టి, రంకె కాదు, గొంతు చీలిపోయినట్టు ఒక అరుపు అరిచింది. ఉదయశ్రీ పరుగెత్తింది. "ఆపండి! ఫోన్లు ఆపేయండి! దాని దూడ అటుంది, దారివ్వండి!"

"మీదకొస్తుంటే ఎలా ఆపుతాం మేడం?" అని ఒకాయన కూర్చున్నచోటే ఉండి, మళ్ళీ నొక్కాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ నొక్కారు. ఇప్పుడు ముందూ గీతే, వెనకా గీతే. ఎటు కదిలినా దెబ్బే. అయినా గవ్వ ఆగలేదు. మోకాళ్ళు వణుకుతుంటే ఒక్కొక్క అడుగే దూడవైపు వేస్తోంది.

ఉదయశ్రీ కన్నా ముందు మణెమ్మ చేరుకుంది. ఆవు మెడను చంకలో ఇరికించుకుని, పట్టీ కింద కొడవలి దూర్చి కోయసాగింది. "నేనే బిడ్డా, నేనే, జర ఆగు," అంటూనే ఉంది. పట్టీ తెగుతుండగా ఇంకో దెబ్బ పడింది. అది ఆవుకూ తగిలింది, మణెమ్మకూ తగిలింది. గవ్వ కొమ్ము విసురుకు మణెమ్మ గాల్లోకి లేచి రాతి మీద పక్కకు పడింది.

పట్టీ తెగిపోయింది. గవ్వ ఎవరివంకా చూడలేదు. పరిచిన దుప్పట్ల మీదుగా నడిచివెళ్ళి దూడను నాకడం మొదలుపెట్టింది.

"దీన్ని కేసు పెట్టి పట్టించాలి," అన్నారెవరో. ఏడెనిమిది ఫోన్లు మణెమ్మ వంక తిరిగి వీడియో తీస్తున్నాయి. ఆమెను లేపడానికి వాటిలో ఒక్కటీ కిందికి దిగలేదు.

మణెమ్మ తుంటి ఎముక విరిగింది. వికారాబాదులో ఆపరేషన్ గది బయట నర్సిములు తలపాగా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "మీరు మూడుసార్లే అన్నరు మేడం," అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఇంటికి రాగానే విద్యాధర్‌ను అడిగింది. "మూడు దాటినా పట్టీ ఎందుకు ఆగలేదు?"

"ఆ నియమం తీసేశాం."

"ఎవరు తీశారు?"

"ఫిర్యాదులు వచ్చాయి. మూడు దెబ్బలు తిని కొన్ని ఆవులు జనం తిండి దగ్గరికి వచ్చేస్తున్నాయట. బటన్ నొక్కినా పనిచేయడం లేదంటే మన పరువు పోతుంది కదా."

"నన్ను అడగలేదేం?"

"అడిగితే నువ్వు వద్దంటావని."

ఆమె నవ్వింది. అలాంటి నవ్వు ఆమె నోట వస్తుందని ఆమెకే తెలియదు. "తల్లిని దూడ దగ్గరికి పోనివ్వకుండా కొట్టే యంత్రం తయారుచేశావు. దాని మీద నా పేరు పెట్టావు."

"అది ప్రమాదం, ఉదయా."

"కాదు. అది సరిగ్గా మీరు చెప్పినట్టే పనిచేసింది."

మర్నాడు కంపెనీ ప్రకటన వచ్చింది. కాపరి పదునైన ఆయుధంతో పరికరాన్ని పాడుచేయడం వల్ల పశువు బెదిరి దాడి చేసిందట. ప్రజల భద్రత కోసం తేనెగుట్టపై మేతను నిలిపేస్తున్నారట. ఆసుపత్రి మంచం మీదున్న మణెమ్మకు, పరికరం ధ్వంసం చేసినందుకు సంజాయిషీ ఇవ్వమని నోటీసు పంపారు. ఆవులనుంచి విప్పిన పట్టీలన్నీ గోనెసంచుల్లో కట్టి ప్రయోగశాలకు చేర్చారు.

ఉదయశ్రీ ఆ సంచులను తన గదిలోకి లాక్కుంది. తర్వాత తలుపు గడియ పెట్టుకుని పనిలో కూర్చుంది. చేయాల్సింది పెద్దగా లేదు. ఇన్నాళ్ళూ ఫోను చుట్టూ గీత ఉండేది, ఆవు పట్టీ కూసేది. ఇప్పుడు పట్టీ చుట్టూ గీత ఉంటుంది, 'దారివ్వు' బటన్ ఉన్న ఫోను కూస్తుంది. అంతే తేడా. దెబ్బ ఉండదు. వట్టి కూతే. ఆవులు విన్న అదే కూత.

ఆదివారం తెల్లవారగానే ఆమె, నర్సిములు కలిసి సంచులు మోసుకుని గుట్ట ఎక్కారు. ఆవులు ఎక్కడెక్కడ మేసేవో నర్సిములు చూపించాడు. అక్కడక్కడే గడ్డిలో ఒక్కో పట్టీ పెట్టారు. కుంట గట్టున, బండ నీడన, దారి మలుపుల్లో.

ఎండెక్కేసరికి జనం వచ్చారు. ఒకతని జేబులో ఫోను సన్నగా కూసింది. అతను తీసి చూసి, నాలుగడుగులు నడిచాడు. కూత హెచ్చింది. ఆపబోతే ఆగలేదు. వెనక్కి వచ్చాడు. కాసేపటికి గుట్టంతా అవే కూతలు. దుప్పటి పరచబోయినవాళ్ళు లేచి ఇంకోచోటికి పోయారు, అక్కడా కూసింది. మంచినీళ్ళ కుళాయి దగ్గరికి పోబోయిన ముసలాయన రెండుసార్లు వెనక్కి తిరిగాడు. గుట్ట మీద ఒక్క ఆవూ లేదు. లేని ఆవులకు దారివ్వలేక అంతమందీ సతమతమయ్యారు.

అసలు సంగతి బయటపడడానికి ఎంతోసేపు పట్టలేదు. అందరూ ఉదయశ్రీ చుట్టూ మూగారు.

"ఇది పబ్లిక్ స్థలం! ఎక్కడ నడవాలో మాకు చెప్పడానికి మీరెవరు?"

"ప్రశాంతంగా కూర్చుందామని వస్తే ఇదేం హింసండీ?"

ఒకావిడ ముఖం కందిపోయి ఉంది. "మా పాప అటుపక్క ఉంది. దాని దగ్గరికి పోదామంటే చెవులు పగిలిపోయేలా మోత!"

ఉదయశ్రీ ఆమె వంక తిరిగింది. "ఫోను ఇక్కడ గడ్డిలో పారేసి వెళ్ళండమ్మా. మీకు ఆ వీలుంది. పోయినసారి ఇక్కడ ఒక తల్లికి ఆ వీలు లేకపోయింది. దాని మెడకు కట్టేశాం."

ఆవిడ ఫోను గడ్డిలో పడేసి పాప దగ్గరికి పరుగెత్తింది. మిగతావాళ్ళు మాత్రం ఫిర్యాదులు రాస్తూనే ఉన్నారు.

ఆవులు వారాల తరబడి నీళ్ళు లేకుండా నిలబడితే కదలని అధికారులు ఆ సాయంత్రానికే కదిలారు. 'పౌరుల స్వేచ్ఛా సంచారానికి ఆటంకం' కలుగుతున్నందువల్ల బటన్‌ను వెంటనే రద్దు చేస్తున్నామన్నారు. ఆ ఉత్తర్వులో ఆవు అన్న మాటే లేదు. మణెమ్మ పేరు లేదు. కంపెనీ ఉదయశ్రీని ఉద్యోగంలోంచి తీసేసి, పరికరాలను దుర్వినియోగం చేసిందని కేసు పెట్టింది. సంతకం విద్యాధర్‌దే. ఆమె బట్టలు సర్దుకుని పశువైద్య కళాశాల స్నేహితురాలి ఇంటికి వెళ్ళిపోయింది. మూడు దెబ్బల నియమం ఎలా మాయమైందో రాసి, కనబడిన ప్రతి అధికారికీ ఇచ్చింది. పత్రికలవాళ్ళకూ ఇచ్చింది. అది అచ్చయ్యాక మణెమ్మ మీద నోటీసు చడీచప్పుడు లేకుండా వెనక్కి పోయింది.

చలికాలంలో గుట్ట మీద మేతకు మళ్ళీ అనుమతి ఇచ్చారు. పట్టీ కట్టాలి. బటన్ ఉండదు. మూడు దెబ్బల నియమం ఉంటుంది. ఆ కబురు చెప్పడానికి ఉదయశ్రీ మణెమ్మ ఇంటికి వెళ్ళింది.

మణెమ్మ చేతికర్ర పట్టుకుని వాకిట్లో కూర్చుంది. గవ్వ కొట్టం ముందు గడ్డి పరకలు ఏరుకుంటోంది. దాని మెడ చుట్టూ వెంట్రుకలు ఊడినచోట చర్మం నల్లగా కమిలి ఉంది. దూడ పక్కనే పొదుగు కుడుస్తోంది.

"మంచిగనే జెప్తున్నవ్ బిడ్డా," అంది మణెమ్మ అంతా విని. "నువ్వు పెట్టిన దాన్ని ఇంకోడు తీస్తే ఎవ్వలనడగాలె? నేను కట్టనియ్య."

"పట్టీ లేకపోతే గుట్ట ఎక్కనివ్వరవ్వా."

"ఎక్కనియ్యకుంటే కోసుకొచ్చి ఏస్తం. నా కాలు బాగుగానియ్."

ఉదయశ్రీ చేతిసంచిలో ఫోను మోగింది.

గవ్వ తలెత్తింది. నోట్లో గడ్డి అలాగే ఉండిపోయింది. కాళ్ళు వెనక్కి వెనక్కి వేస్తూ, పొదుగు దగ్గరున్న దూడను వదిలేసి, కొట్టం గోడకు ఒరుసుకునేదాకా పోయింది. వీపు మీద చర్మం అలలు అలలుగా వణుకుతోంది. మెడకు ఏమీ లేదు. గీత లేదు. అయినా గోడకు అతుక్కుపోయి నిలబడింది.

"ముందు దాన్ని ఆపు!" అని మణెమ్మ అరిచింది. ఆమె కేకలేయడం ఉదయశ్రీ అదే మొదటిసారి వినడం. "ఎవ్వల ఫోన్ మోగినా గంతే. పాలోడు ఒచ్చినా గంతే. దుడ్డె గుంజుతుంటె వదిలి ఉర్కుతది. ఏ సర్కారు తీస్తది దాని తలకాయలకెళ్ళి గాదాన్ని?"

ఉదయశ్రీ ఫోను నోరు నొక్కి, చూసింది. విద్యాధర్. ఆమె లేచి వాకిలి దాటి, ఊరి చివర నిలిపిన తన కారు దాకా నడిచాక తిరిగి పిలిచింది.

"ఉదయా, గొడవలన్నీ వదిలేద్దాం," అన్నాడతను. "సముద్రతీరంలో పెద్ద పని వచ్చింది. పట్టీ వల్ల పశువుకు హాని లేదని నీ సంతకం ఉంటే చాలంటున్నారు. నీ నియమం నీకు తిరిగి ఇచ్చాను కదా. కేసు కూడా వెనక్కి తీసుకుంటాను."

"విద్యాధర్, నువ్విక్కడికి రా. ఫోను మోగించుకుంటూ మణెమ్మ వాకిట్లోకి నడువు. గవ్వ ఏం చేస్తుందో చూడు. చూసి కూడా హాని లేదనిపిస్తే, ఆ సంతకం నువ్వే పెట్టుకో. నాది దొరకదు. కేసు నడవనీ. నేను జడ్జిగారితో చెప్పాల్సింది చాలా ఉంది."

"కోపంలో ఉన్నావు."

"ఉన్నాను," అంది ఆమె. "తగ్గించుకునే ఉద్దేశం లేదు."

ఫోను సీటు మీద పడేసి, అద్దాలు పైకెత్తి, కారు తాళం వేసింది. వెనకసీటులోంచి తీసిన మందుల పెట్టె మాత్రం చేతిలో ఉంది. నాలుగడుగులు వేసేసరికి కారులో ఫోను మళ్ళీ మోగడం మొదలైంది. ఆమె వెనక్కి తిరగలేదు. గవ్వ మెడకు మందు రాయడానికి వాకిట్లోకి నడిచింది.